పద్దెనిమిది మంది ఒళ్ళో పిండి

చీమ గురువారం నాటి పనులన్నీ బుధవారమే ఒక కాగితం మీద రాసి పెట్టుకుంది. నాలుగున్నరకు లేవడం. అయిదుకు పిండి కలపడం. ఏడుంపావుకు గిన్నెకు మూత పెట్టి గుడ్డ కట్టడం. ఏడున్నర బస్సు. తొమ్మిదింటికి పట్నం. తొమ్మిదిన్నరకు బట్టీ. పదకొండుకు అత్తయ్య. ఆ తరవాత ఏమిటన్నది రాయలేదు. అది అత్తయ్య చెప్పాలి.

చీమ అసలు పేరు కాదు. మూడేళ్ళప్పుడు తనకంటే పెద్ద పీటను వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా ఒక్కతే ఈడ్చుకుపోతుంటే చూసి నాయనమ్మ పెట్టిన పేరు. అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. ఇప్పుడు చీమకు ఇరవై ఏళ్ళు. మాట్లాడేది తక్కువ. నలుగురు కొత్తవాళ్ళు కనిపిస్తే ఆ తక్కువ కూడా గొంతులోనే ఉండిపోయేది. కానీ ఒకటి పట్టుకుందంటే వదిలే రకం కాదు.

ఇప్పుడు పట్టుకున్నది రొట్టె. పట్నంలో నర్సు చదువు చదివే ఆడపిల్లల హాస్టలుకు మేనత్త వంట చేయిస్తుంది. అక్కడ రొట్టెలు చేసే మనిషి మానేసిందని తెలిసి, చీమ నాలుగు రోజులు ధైర్యం కూడగట్టుకుని ఫోను చేసింది. అత్తయ్య ఒక్క నిమిషంలో తేల్చేసింది.

"గురువారం పదకొండుకి బట్టీ దగ్గర బల్ల మీద రొట్టె ఉండాలి. నీ చేత్తో చేసిందై ఉండాలి. బాగుంటే పనుంది. లేకపోతే అన్నం తిని ఇంటికెళ్ళు."

ఇంటికెళితే ఏమవుతుందో చీమకు తెలుసు. సోమవారం నుంచి మావయ్య జిరాక్సు కొట్టులో కూర్చోవాలి. మావయ్య అప్పుడే ఒక స్టూలు కూడా తెచ్చి పెట్టాడు. "కష్టమేం లేదు తల్లీ, అన్నీ మిషనే చేసుకుంటుంది. నువ్వు ఊరికే పక్కన ఉండాలంతే" అన్నాడు. మిషన్ పక్కన ఊరికే ఉండడం తలచుకుంటేనే చీమ లేచి ఏదో ఒక పని వెతుక్కునేది.

ఇంట్లో రొట్టె కాల్చే వీలు లేదు. పట్నంలో బస్టాండు పక్కనే బట్టీ తాత ఉన్నాడు. ఆయన తన రొట్టెలన్నీ తెల్లవారేసరికి కాల్చుకుని, మిగిలిన వేడిని ఆ పేట జనానికి వదిలేస్తాడు. తొమ్మిదిన్నర నుంచి ఎవరి పిండి వాళ్ళు తెచ్చి రేకుల మీద పెట్టుకోవచ్చు. పదింటికి ఇనప తలుపు మూస్తాడు. మళ్ళీ పదిముక్కాలుకే తీస్తాడు. మధ్యలో ఎవరు వచ్చి బతిమాలినా "వేడి పోద్ది" అన్న మాట తప్ప ఇంకో మాట ఉండదు.

"ఎవరూ చెయ్యి పెట్టకండి. ఇది నా పరీక్ష" అని చీమ ముందురోజే అందరికీ చెప్పింది. అందరూ తలలూపారు.

అయిదుకు పిండి కలిపి, చెంచాడు ఈస్ట్ వేసి, పొట్లం మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలా మడిచి పెట్టి స్నానానికి వెళ్ళింది. అమ్మ వచ్చి చూసింది. పొట్లం విప్పినట్టు లేదు. 'పిచ్చి తల్లి, కంగారులో మర్చిపోయింది' అనుకుని ఇంకో చెంచాడు నీళ్ళలో కలిపి పిండిలో పిసికేసింది. చెబితే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని చెప్పలేదు. అమ్మ వెళ్ళాక నాయనమ్మ వచ్చింది. ఆవిడకు పొట్లాల మీద నమ్మకం లేదు. నిన్నటి పులిసిన పిండి పిడికెడు తెచ్చి అందులో కలిపేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, పక్కమీద పడుకుని గురక పెట్టింది. చివరికి నాన్న వచ్చాడు. ఆయనకు వంట రాదు కాబట్టి గిన్నెను పొయ్యి పక్కకు జరిపి ఊరుకున్నాడు.

చీమ తల తుడుచుకుంటూ వచ్చేసరికి పిండి చక్కగా ఉబ్బి ఉంది. 'నా చెయ్యి కుదిరింది' అనుకుంది.

బస్సులో కండక్టరు గిన్నెను చూసి ముఖం చిట్లించాడు. "అమ్మాయ్, అది ఒళ్ళో పెట్టుకుంటే పక్కవాళ్ళెక్కడ కూర్చుంటారు? ముందుకెళ్ళి ఇంజను మీద పెట్టు."

"వేడికి పొంగుతుందేమోనండీ" అంది చీమ. కానీ ఆ మాట ఆమె పెదవులు దాటలేదు. గిన్నె ఇంజను పెట్టె మీదికి వెళ్ళింది. చీమ దాని వెనక సీట్లో కూర్చుని దాన్నే చూస్తూ ఉంది.

పావుగంటకు మూత కొంచెం లేచింది. అరగంటకు గుడ్డ ముడి బిగిసి, పట్టు తప్పి, ఊడింది. పిండి గిన్నె అంచు దాటి బయటికి చూసింది. చీమ రెండు చేతులతో దాన్ని లోపలికి నెట్టింది. అటు నెడితే ఇటు వచ్చింది.

"ఎవరయ్యా నా మోచెయ్యి గోకేది?" అన్నాడు డ్రైవరు.

"ఎవరూ లేరు. నడుపు" అన్నాడు కండక్టరు.

"ఎవరూ లేకపోతే నా గేరేదీ?"

కండక్టరు ముందుకు వచ్చి చూశాడు. గేరు రాడ్డు పిడి దాకా పిండిలో కూరుకుపోయి ఉంది. డ్రైవరు బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. "మూడో గేరు వెయ్యాలంటే ముందు దాన్నడగాలి. నా వల్ల కాదు" అని చేతులు కట్టుకున్నాడు.

"దించమ్మా, దించు" అన్నాడు కండక్టరు.

చీమ గిన్నెను కావలించుకుంది. "దించితే మా ఇద్దర్నీ దించండి."

ఆ రోజు ఆమె నోట స్పష్టంగా వచ్చిన మొదటి మాట అది.

"ఇద్దరెవరు?"

"నేనూ, పిండీ."

"నీకు టికెట్టుందమ్మా, నిన్నెందుకు దించుతా? దానికే లేదు."

వెనక సీట్లో చేతిసంచి పెట్టుకున్న మామ్మగారు ముందుకు వంగింది. "ఎందుకమ్మా అంత పిండి? ఊరందరికీ భోజనాలా?"

"ఒక్క రొట్టెకేనండీ" అంది చీమ. బస్సంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఉండి, నేల చూస్తూ, అత్తయ్య సంగతి, పదింటి తలుపు సంగతి, జిరాక్సు కొట్టు సంగతి చెప్పింది. ఇంజను ఆగి ఉండడం వల్ల అందరికీ వినపడింది.

"ఉద్యోగం పరీక్షకి పోయే పిల్లని దించుతావటయ్యా! నీకు ఆడపిల్లల్లేరూ?" అని మామ్మగారు కండక్టరు మీదికి లేచింది.

"నాకసలు పెళ్ళే కాలేదండీ."

"ఇదీ బుద్ధయితే అవదు కూడా."

అప్పుడు కిటికీ పక్కనున్న లెక్కల మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆయన రిటైరై ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా ఎవరూ ఆయన్ని ఒక్క లెక్కా అడగలేదు. "గిన్నె చిన్నది. పిండి పెద్దది. ఇందులో కోప్పడాల్సిందేముంది? భాగించాలి" అని లేచి తలలు లెక్కపెట్టారు. కండక్టరుతో కలిపి పద్దెనిమిది. చీమ భాగం గిన్నెలోనే ఉంటుంది.

ముందు సీటు దర్జీ దగ్గర కొత్త కత్తెర ఉంది. గుడ్డ తప్ప ఇంకేదీ కోయనని రెండుసార్లు ఒట్టు పెట్టుకుని, మూడోసారి కోశాడు. చీమ సీసాలోని నీళ్ళతో అందరి చేతులూ కడిగించింది. టిఫిను డబ్బా మూతల్లో, ఉతికిన తువ్వాళ్ళలో, సంచిలోంచి తీసిన స్టీలు పళ్ళాల్లో పిండి ముద్దలు సర్దుకున్నాయి. కండక్టరు దగ్గర ఏమీ లేకపోతే మామ్మగారు తన డబ్బా మూత ఇచ్చి, "పారేశావంటే చూడు" అంది.

"నొక్కకండి. లాగకండి. గుడ్డ కప్పి ఊరికే పట్టుకోండి చాలు" అంది చీమ. అప్పటికి ఆమె గొంతు చివరి సీటు దాకా వెళుతోంది.

బస్సు కదిలింది. కానీ మెత్తటి పిండిని ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉండడం మనుషులకు సాధ్యమయ్యే పని కాదు. దర్జీ మెల్లగా అంచులకు కుచ్చులు పెట్టడం మొదలుపెట్టాడు. మామ్మగారు రెండు అరచేతులతో తట్టి తట్టి చదును చేసింది. మాస్టారు నాలుగు భుజాలూ సమానంగా వచ్చేదాకా దాన్ని అటూ ఇటూ మోదారు. కండక్టరు ప్రతి స్టాపులోనూ బతికుందో లేదో చూడటానికి వేలు పెట్టి గుచ్చాడు.

పట్నం ఇంకో నాలుగు మైళ్ళుందనగా చెకింగ్ ఆఫీసరు ఎక్కాడు. సన్నటి మనిషి. ఇస్త్రీ మడత చెదరని యూనిఫారం. టికెట్లు అడిగితే పద్దెనిమిది టికెట్లూ వేళ్ళకు అంటుకుని వచ్చాయి.

"ఏంటిది?"

"పిండండి" అన్నారు మాస్టారు.

"ఎవరిది?"

బస్సులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. అయినా పిల్ల చిక్కులో పడుతుందని అందరికీ ఒకేసారి తోచింది.

"నాది" అన్నారు మాస్టారు.

"ఇది నాదండీ" అన్నాడు దర్జీ.

"నాదే నాయనా. మోకాళ్ళ నొప్పులకి ఒళ్ళో పెట్టుకోమన్నారు" అంది మామ్మగారు.

ఆఫీసరు కండక్టరు వైపు తిరిగాడు. కండక్టరు మూతను వీపు వెనక్కి పెట్టుకుని, "ఇది డ్యూటీ పిండి సార్" అన్నాడు.

తన కోసం ఇంతమంది అబద్ధాలాడుతుంటే, అదీ ఇంత చేతకాకుండా ఆడుతుంటే, చీమ చూస్తూ కూర్చోలేకపోయింది. లేచి నిలబడింది. "అంతా నాదేనండీ. నేనే కలిపాను. వేరెవరి చెయ్యీ పడలేదు."

"నువ్వు కూర్చోమ్మా!" అని బస్సంతా కసిరింది.

ఆఫీసరు డ్రైవరు తల పైనున్న బోర్డు చదివాడు. కారేవి, పాకేవి, వాసన వచ్చేవి బస్సులో తేరాదు. ఇది ఏ రకమో తేల్చుకోవడానికి గిన్నె మీదికి వంగాడు. గిన్నెలో మిగిలిన ముద్ద అప్పటికే మళ్ళీ ఉబ్బి, అంచు దాటి, ఆయన బూటు మీద పడింది.

"పాకేది" అని రాసుకున్నాడు ఆఫీసరు.

మిగతావాళ్ళ ముద్దల జోలికి వెళ్ళలేదు. ఒళ్ళో పెట్టుకునే సొంత సామానుకు రూలు లేదు. గిన్నెకు మాత్రం మూత పెట్టి, తీగ చుట్టి, ముడి వేసి, "ఇది సాక్ష్యం. ఇక దీన్నెవరూ ముట్టుకోకూడదు" అన్నాడు. చీమ చెప్పిన మాటలు చెప్పినట్టే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుని, నకలు ఆమె చేతికిచ్చాడు.

బస్సు పట్నం చేరేసరికి తొమ్మిదీ నలభై. చీమ అందరికంటే ముందు దిగి మెట్ల దగ్గర నిలబడింది. గిన్నె పోయినా పద్దెనిమిది ముద్దలున్నాయి. ఒక్కటి చాలు.

"మాస్టారూ, నా పిండి ఇచ్చెయ్యండి."

మాస్టారు పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. "నీదేంటమ్మా? ఆఫీసరు ముందు నాదని చెప్పానా లేదా? ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో నేను అబద్ధం చెప్పలేదు. కాబట్టి ఇది నాదే."

"దర్జీగారూ, మీరు..."

"నువ్విచ్చింది వట్టి ముద్దమ్మా. ఈ కుచ్చులు చూడు. ఇప్పుడిది వేరే సరుకు."

మామ్మగారైతే తువ్వాలు తీసి చూపించను కూడా లేదు. "గంట సేపు ఒళ్ళో పెట్టుకుని పెంచాను. నీకేం తెలుస్తుందమ్మా ఆ ప్రేమ?"

చివరగా దిగిన కండక్టరు, "ఇప్పుడిప్పుడే నా మాట వింటోంది, చెడగొట్టకు" అన్నాడు. పద్దెనిమిది మందీ ఒకరినొకరు తోసుకుంటూ బట్టీ వైపు పరుగు తీశారు. తలుపు మూసే వేళ వాళ్ళకు చెప్పింది చీమే.

ఏడవడానికి ఇరవై నిమిషాలు చాలవు. అందుకని చీమ ఏడవలేదు. బస్టాండు ఆఫీసు గదికి వెళ్ళింది. ఆఫీసరు గిన్నెను కుర్చీలో పెట్టి, మూత మీద కూర్చుని, ఏదో రాసుకుంటున్నాడు. తీగ కిర్రుమంటోంది. ఆయన ఉండి ఉండి ఒక అంగుళం పైకి లేస్తున్నాడు.

"సార్" అంది చీమ. "అది సాయంత్రానికి పుల్లగా కంపు కొడుతుంది. అప్పుడు వాసన వచ్చేవాటిలోకి మారుతుంది. మీరు రాసింది తప్పవుతుంది."

ఆఫీసరు కలం ఆగింది.

"కాలిస్తే పెరగడం ఆగిపోతుంది. మూడు రోజులు చెక్కుచెదరదు. బట్టీ పక్కనే ఉంది."

ఆఫీసరు రూల్సు పుస్తకం తిరగేశాడు. స్వాధీనం చేసుకున్న సరుకును పాడవకుండా ఉంచే బాధ్యత అధికారిదే అని అందులో ఉంది. పుస్తకం మూసి లేచాడు. లేవగానే మూత కూడా లేచింది.

"నేనే తీసుకెళ్తా. నువ్వు మాత్రం ముట్టుకోకూడదు. నిందితురాలివి."

ఆయన చేతులు బారజాచి గిన్నెను పట్టుకుని ముందు నడిచాడు. చీమ నాలుగడుగుల వెనక నడిచింది. వాళ్ళు చేరేసరికి బట్టీ తాత చెయ్యి తలుపు మీద ఉంది.

"రేకు మీదకి తిరగెయ్యి" అన్నాడు తాత.

"కుదరదు. సీలు తియ్యకూడదు."

"మూతతోనే పెడతావా?"

"మూతతోనే. తీగతోనే."

తాత ఈ మనిషితో మాట్లాడితే వేడి పోతుందనుకుని, గిన్నెను లోపలికి నెట్టి తలుపు మూసేశాడు.

పదిముక్కాలుకు తలుపు తెరుచుకుంది. పదకొండుకు అత్తయ్య వచ్చింది. భుజాన తువ్వాలు, చేతిలో కత్తి. బల్ల మీద పద్దెనిమిది రొట్టెలు, ఒక మూసిన గిన్నె. బల్ల వెనక పద్దెనిమిది మంది. గిన్నెకు కాపలాగా ఆఫీసరు.

"ఒక్క పనికి ఇంతమంది వచ్చారేంటి?" అంది అత్తయ్య.

"పనా?" అన్నారు మాస్టారు.

"రొట్టెల పని. రోజూ తెల్లారుజామున నాలుగింటికే రావాలి."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించారు. "నేనెలాగూ మూడున్నరకే లేచి కూర్చుంటాను" అని తన రొట్టెను కొంచెం ముందుకు జరిపారు. అది చూసి దర్జీ తనది ఇంకొంచెం ముందుకు జరిపాడు. మామ్మగారు వాళ్ళిద్దరి రొట్టెలనూ వెనక్కి నెట్టి తనది పెట్టింది. ఇంటి నుంచి బయలుదేరినప్పుడు చీమకు పోటీ లేదు. ఇప్పుడు పద్దెనిమిది మంది ఉన్నారు.

"నీదేదే?" అని అత్తయ్య చీమను అడిగింది.

"అన్నీ నావే అత్తయ్యా. కానీ ఒక్కటీ నాది కాదు."

"బస్సు పడలేదా నీకు?" అంది అత్తయ్య. "సరే, ఎవరూ మాట్లాడకండి. తిని చూస్తా."

ముందు మాస్టారిది. నలుచదరంగా ఉంది. అత్తయ్య కత్తితో కొడితే టంగుమంది. "కొలత బాగుంది. పళ్ళు మాత్రం నావి." దర్జీది తిప్పి తిప్పి చూసింది. "అందంగా ఉంది. తినడానికి మనసొప్పదు, తొడుక్కోవడానికి పనికిరాదు." మామ్మగారిది చేతిలోకి తీసుకుని, "ఇది దేని మూతండీ?" అంది. కండక్టరు రొట్టె నిండా బెజ్జాలే. "దీనికెన్ని టికెట్లు కొట్టారు నాయనా?" అంది. ఇలా పద్దెనిమిదీ అయ్యాయి. చీమ మడమలు నేలకు ఆనించి కదలకుండా నిలబడింది. జిరాక్సు కొట్టులో స్టూలు ఆమె కళ్ళ ముందు ఒక్కో రొట్టెకూ ఒక్కో అడుగు దగ్గరికి జరిగింది.

అత్తయ్య గిన్నె తీగను కత్తితో ఒక్క తిప్పు తిప్పింది.

"అమ్మా, అది ముట్టుకోకూడదు!" అని ఆఫీసరు అరిచేలోపు మూత లేచింది.

మూత కింద ఆవిరంతా లోపలే ఉండి మగ్గిన రొట్టె అది. నడినెత్తిన పగిలి, ఎర్రగా వేగి, గిన్నె నిండా గుండ్రంగా లేచి ఉంది. ఎవరూ నొక్కలేదు, తట్టలేదు, గుచ్చలేదు, కుచ్చులు పెట్టలేదు. అత్తయ్య ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. రెండో ముక్క తుంచింది. అంతవరకు ఏ రొట్టెలోనూ ఆవిడ రెండో ముక్క తుంచలేదు.

"ఇది చేసినవాళ్ళు రేపట్నుంచి పనిలోకి రావాలి" అంది. ఆఫీసరు వైపు చూసింది. "మీరేనా? యూనిఫారం మీద పిండి పడితే పోదు. వేరే బట్టలు తెచ్చుకోండి."

"నేను చెయ్యలేదమ్మా! అది సాక్ష్యం."

"సాక్ష్యమో సంగటో, చేసిందెవరు?"

"నిందితురాలు."

"ఎవరా మహాతల్లి?"

చీమ నకలు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అత్తయ్య దాన్ని దూరంగా పట్టుకుని అందరికీ వినపడేలా చదివింది. "నేరం, బస్సులో పాకే సామాను తెచ్చుట. సాక్ష్యం, మూతతో కూడిన గిన్నె ఒకటి. నిందితురాలు ఒప్పుకున్నది ఏమనగా, అంతా నాదే. నేనే కలిపాను. వేరెవరి చెయ్యీ పడలేదు." కింద సంతకం, ఆ కింద గుండ్రటి ముద్ర.

అత్తయ్య చదివిన కాగితాన్ని జాగ్రత్తగా మడిచింది. "పని కోసం నా దగ్గరికి చాలామంది చాలా కాగితాలు తెచ్చారు. సర్కారు ముద్రతో ఎవరూ తేలేదు. దీనికి శిక్షేంటి?"

"ఆరు నెలలు ఆ బస్సులో పిండి తేకూడదు."

"తేదులెండి. రేపట్నుంచి ఇక్కడే కలుపుతుంది."

చీమ నాలుగుసార్లు తలూపింది. మామ్మగారు కళ్ళొత్తుకుంటూ, "మా బస్సు పిల్ల" అని బట్టీ తాతకు చెప్పింది. అత్తయ్య గిన్నె రొట్టెను కోసి అందరికీ తలా ముక్క పెట్టింది. మాస్టారు తన ముక్క తిని, "ఏమైనా భాగించింది నేను" అన్నారు.

ఆఫీసరు గదికి తిరిగి వెళ్ళి మిగిలిన కాగితం పూర్తి చేయడానికి కూర్చున్నాడు. స్వాధీనం చేసుకున్న సరుకు ప్రస్తుత పరిస్థితి అన్న గడి దగ్గర కాసేపు ఆగి, మీసానికి అంటిన పొడి దులుపుకుని, "రుచిగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టాడు.